పదకొండో దుప్పటి

జూలై 3

శ్రీవారికి,

ఇది నాలుగో కాగితం. మొదటి మూడూ చింపేశాను. ఒకదాంట్లో అక్షరాలు గుట్ట ఎక్కి దిగాయి. రెండోదాని మీద చేతి తడి పడి సిరా అలుక్కుపోయింది, మీరు చూస్తే కన్నీళ్ళనుకుంటారని తీసేశాను. మూడోది బాగానే వచ్చింది కానీ చదువుకుంటే నాకే సిగ్గేసింది.

మీరు వెళ్ళి పదహారు రోజులు. అత్తయ్యకు బాగానే ఉంది. మోకాళ్ళు మాత్రం మెట్లు చూస్తే ఏడుస్తున్నాయట. మీరు లేక ఇల్లు బోసిగా ఉందని అత్తయ్య అంటున్నారు. అత్తయ్య అంటున్నారనే రాస్తున్నాను.

ఒక విషయం అడగాలి. ఆసుపత్రి లాండ్రీలో డాబా మీద మా ఆరుగురికి పెద్దగా ఉండే ఆవిడ మానేసింది. సూపర్‌వైజరమ్మ నన్ను పిలిచి, "ఆ చోట్లో నువ్వు ఉండు. నీకు నోట్లో నాలుక లేకపోయినా చేతిలో పని ఉంది" అంది. చేరితే ఏడాది వరకూ మానడానికి వీల్లేదట. మీకేమో దసరా సెలవుల ముందు, కాదు, ఆ సెలవుల పేరు మీ బడిలో ఏమంటారో, టర్మ్ పరీక్ష అయ్యాక ఉద్యోగం ఖాయమైతే బడి వెనక రెండు గదుల ఇల్లిస్తారనీ, నన్ను తీసుకెళ్తాననీ వెళ్ళేటప్పుడు మెట్ల మీద అన్నారు. గుర్తుందా? అప్పుడు పెట్టె మీ చేతిలో ఉంది, వెనక ఆటోవాడు తొందరపెడుతున్నాడు, అందుకని మీరు నిజంగానే అన్నారా, ఏదో ఒకటి అనాలని అన్నారా అని నాకు అనుమానం.

చేరనా, మాననా? మీరు ఎలా చెబితే అలా చేస్తాను. ఈ నెలాఖరుకు ఆవిడకు చెప్పాలి.

ఐదో తరగతి చదువు కదా, తప్పులుంటే దిద్దుకోండి.

మీ ఇంట్లో మనిషి

---

జూలై 10

నా మూగనోముకు,

నువ్వు ఇన్ని మాటలు ఒక్కసారిగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఎనిమిది నెలల కాపురంలో "ఊఁ", "సరే", "నీళ్ళు పెట్టాను" తప్ప ఏమైనా అన్నావా? ఉత్తరం రెండుసార్లు చదివాను. మా గదిలో ఉండే డ్రాయింగు మాస్టారు "ఏంటి సార్, అర్జీనా?" అన్నాడు.

ఇక్కడ సంగతి. నాకు ఏడో తరగతి ఇచ్చారు. ముప్పై నలుగురు పిల్లలు, రెక్క వంగిన ఫ్యాను, సైకిళ్ళ షెడ్డు వైపు కిటికీ. బీజగణితం మొదలుపెట్టాలి. సూత్రం బోర్డు మీద రాసి, నాలుగు లెక్కలు చేసి చూపించి, పది లెక్కలు ఇంటికిస్తే ఎవరూ ఏమీ అనరు. నేనూ అలాగే చదువుకున్నాను. పరీక్ష మర్నాడు చూసుకుంటే నీళ్ళు పోసిన సబ్బు నురగ. అందుకని ఒట్టు పెట్టుకున్నాను. ఈ పిల్లలకు నేను సూత్రం చెప్పను. ఒక చిక్కు ముందు పెడతాను. వాళ్ళే వాదించుకోవాలి, వాళ్ళే కనుక్కోవాలి. ఎవరైనా "తప్పా ఒప్పా సార్?" అంటే "నీకెలా అనిపిస్తోంది?" అంటాను, అంతే.

పక్క గది సైన్సు మేడమ్‌కు ఇది నచ్చలేదు. నిన్న తలుపు దగ్గరకొచ్చి, "మీ క్లాసులో పాఠం జరుగుతోందా, కూరగాయల మార్కెట్టా?" అంది. హెడ్మాస్టరు ఒక మాట ఖాయంగా చెప్పేశాడు. టర్మ్ పరీక్షలో పక్క సెక్షను కంటే మా సెక్షను తక్కువ వస్తే నన్ను కొనసాగించడు. తాడో పేడో అప్పుడే.

మొదటి చిక్కు నీ పనిలోంచే తీసుకున్నాను. డాబా మీద తడి దుప్పట్లు ఆరేస్తున్నారు. క్లిప్పులు తక్కువ, అందుకని పక్కపక్క దుప్పట్ల అంచులు కలిపి ఒకే క్లిప్పు పెడతారు. పది దుప్పట్లకు ఎన్ని క్లిప్పులు? ఇరవైకి? ఎన్ని దుప్పట్లో తెలియకపోతే అప్పుడెలా చెబుతాం? నువ్వు కూడా చెయ్యి. ఎవరినీ అడక్కు.

ఆ కొత్త పని సంగతి. నీకేమనిపిస్తోంది? నువ్వే ఆలోచించి చెప్పు.

నీ వాడు

---

జూలై 17

శ్రీవారికి,

మీ ఉత్తరం రాగానే అత్తయ్య గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఏం రాశాడు?"

"లెక్కలు రాశారత్తయ్యా."

"నాకు చెప్పకూడనివి రాస్తే రాశాడు, లెక్కలంటావేంటే!"

"నిజంగా లెక్కలే. దుప్పట్లు, క్లిప్పులు."

అత్తయ్య నా మొహం చూసి, "వాడు చిన్నప్పుడూ ఇంతే. ఆకలేస్తోందా అంటే ఆకలంటే ఏంటి అనేవాడు" అని లోపలికెళ్ళిపోయారు.

పదికి పదకొండు. ఇరవైకి ఇరవై రెండు. ఎందుకో కూడా రాశాను కానీ మళ్ళీ కొట్టేశాను, చాంతాడంత అయింది, మీకు తెలియనిదా. ఎన్ని దుప్పట్లో తెలియకపోతే డాబా మీదకెళ్ళి చూడాలి. ఇంకేం చేస్తాం?

సూపర్‌వైజరమ్మ మళ్ళీ అడిగింది. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. "ఉత్తరం రాలేదా?" అంది. వచ్చిందన్నాను. "ఏమన్నాడు?" అంది. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాను. ఆవిడ పాపం నెలాఖరు అన్నది ఇంకో పదిహేను రోజులు పొడిగించింది.

నాకేమనిపిస్తోందని అడిగారు. నాకు చాలా అనిపిస్తాయి. అవన్నీ మీరేమనుకుంటున్నారో తెలిస్తేనే నిలబడతాయి. నేను మీ దగ్గరకు వస్తానంటే నా అంతట నేను వచ్చి మీద పడ్డట్టుంటుంది. ఇక్కడే ఉంటానంటే మీరంటే లెక్కలేనట్టుంటుంది. మీరు ఒక్క మాట రాయండి, చాలు.

మీ ఇంట్లో మనిషి

---

జూలై 25

మూగనోమూ,

ఈ వారం నా జీవితంలో మంచి వారం. వింటే నీకూ సంతోషంగా ఉంటుంది.

పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టాను. పదికి పదకొండు అని అందరూ చెప్పారు. ఎలా అన్న దగ్గర మొదలైంది కొట్లాట. కళ్ళజోడు పిల్ల ఒకతి ఉంది, న్యాయవాది కావాల్సిన పిల్ల. "ప్రతి దుప్పటికీ ఎడమవైపు క్లిప్పు దానిది. చివరి దానికి కుడివైపు ఇంకోటి. అందుకే ఒకటి ఎక్కువ" అంది. వెనక బెంచీ పొడుగాడు లేచాడు. "కాదు, ఒక్కో దానికి రెండేసి పెట్టు. తర్వాత కలిసినచోటల్లా ఒకటి పీకెయ్. పదిటికి ఇరవై, తొమ్మిది పీకేస్తే పదకొండు."

"పెట్టి పీకడం దేనికి, చేతులు నొప్పెట్టవూ?" అంది ఆ పిల్ల.

"నీ లెక్క నీది, నా లెక్క నాది. వచ్చింది ఒకటేగా?"

"ఎప్పుడూ ఒకటే వస్తుందా?" అన్నాను నేను. అంతే, పావుగంట ఒక్కడూ బయటకు చూడలేదు. రెండు దారులూ ఎందుకు ఒకే చోటికి వస్తాయో బెంచీల మీద సుద్దతో గీసుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు నీ జవాబు బోర్డు మీద రాశాను. ఎవరిదో చెప్పలేదు. "ఒకరు ఇరవైకి ఇరవై రెండు అన్నారు. మీరేమంటారు?" అన్నాను. గోల. పదికి పదకొండు కదా, రెండింతలు చేసేసి ఉంటారు అన్నాడు పొడుగాడు. మధ్యలో కలిసేచోట ఒకటి మిగులుతుంది కాబట్టి ఇరవై ఒకటే అని తేల్చారు. ఇది చాలామంది చేసే పొరపాటే, దిగులుపడకు. ఇంకోసారి ఆలోచించు, నీకే తెలుస్తుంది.

అసలు విశేషం చివర్లో. దుప్పట్లు ఎన్నో తెలియకపోతే? ముందు బెంచీలో గొంతు పెగలని పిల్ల ఒకతి ఉంది, దాన్ని అందరూ 'గొణుగుడు' అంటారు. అది గొణిగింది. "ఎన్నో, అని రాసుకుంటే సరి కదండీ. ఎన్నో ప్లస్ ఒకటి." బోర్డు మీద అలాగే రాశాను. ఎక్స్ అన్న అక్షరం నేను ఎత్తనే లేదు! అక్షరం దేనికో వాళ్ళకు అర్థమైపోయాక పేరు ఏదైతేనేం?

నీ పని సంగతి. చేరితే ఏమవుతుంది, ఇక్కడికొస్తే ఏమవుతుంది, కాగితం మీద రెండు వైపులా రాసి చూడు. దేనివైపు బరువుందో నీకే తెలుస్తుంది.

నీ వాడు

---

ఆగస్టు 2

శ్రీవారికి,

ఇరవై ఒకటి.

మీరు చెప్పినట్టే కాగితం మధ్యలో గీత గీశాను. 'చేరితే' కింద ఏడు రాశాను. చెయ్యి నొప్పి, అందరి మీదా అరవాల్సి రావడం, గుడ్డల లెక్క వార్డులకు అప్పజెప్పడం, అలాంటివి. 'అక్కడికొస్తే' కింద ఒక్కటీ రాయలేకపోయాను. ఆ గదులు ఎలా ఉంటాయో తెలియదు. మీరు పొద్దున ఎన్నింటికి వెళ్తారో తెలియదు. నేనుంటే మీకు బాగుంటుందో, అడ్డమో తెలియదు. తెలియనిదాని కింద ఏం రాస్తాను? ఆ కాగితం పొయ్యిలో వేశాను.

పిల్లలు నవ్వారా?

అత్తయ్య మీరు రాసిందేంటని అడిగారు. పరీక్ష పెట్టారని చెప్పాను. పాసయ్యావా అన్నారు.

ఇక్కడ వానలు. దుప్పట్లు ఆరడం లేదు. డాబా ఎక్కి దిగి ఎక్కి దిగి నా కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంటికొచ్చినా అంతే. నిన్న రాత్రి కూర మాడబెట్టాను.

ఇట్లు

---

ఆగస్టు 9

మూగనోమూ,

ఇరవై ఒకటి! చూశావా? నేను చెప్పలేదు, నువ్వే కనుక్కున్నావు. నీ ఉత్తరం చూసి ఎంత పొంగిపోయానంటే మర్నాడు క్లాసులో చెప్పేశాను. "ఆ ఇరవై రెండు అన్నది మా ఆవిడే. ఇప్పుడు తనంతట తనే సరిచేసుకుంది" అని. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నవ్వలేదు. పొడుగాడు కొంచెం నవ్వాడు, వాడు దేనికైనా నవ్వుతాడు.

మిగతా కబుర్లు అంత బాగాలేవు. ఇద్దరు తండ్రులు హెడ్మాస్టరు గదికొచ్చారు. ఒకాయన బస్సు కండక్టరు. మా వాడి నోట్సు ఖాళీగా ఉంది, మాస్టారు ఏమీ చెప్పడం లేదట, పిల్లల్నే అడుగుతాడట, జీతం పిల్లలకివ్వండి మరి అన్నాడు. హెడ్మాస్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీద గడియారం వైపు చూశాను.

ఆ మధ్యాహ్నం భయపడ్డాను. ఒట్టు తీసి గట్టున పెట్టి, రెండు వైపులా సమానం చేసే లెక్కలు, గుర్తు ఇటునుంచి అటు వెళ్తే మారుతుంది, రాసుకోండి అని గడగడా చెప్పేశాను. ముప్పై నాలుగు తలలు వంగాయి. బుద్ధిగా రాసుకున్నారు. సైన్సు మేడమ్ తొంగిచూసి మెచ్చుకోలుగా తల ఊపింది. గంట కొట్టాక కళ్ళజోడు పిల్ల నా బల్ల దగ్గరకొచ్చి, "గుర్తు ఎందుకు మారుతుంది సార్?" అంది. "రేపు చూద్దాం" అన్నాను. "మీకు కోపమొచ్చిందా మా మీద?" అంది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి, తక్కెడ గీసి, వాళ్ళనే అడగడం మొదలుపెట్టాను. వారం పోయింది. పరీక్షకు ఏడు వారాలే ఉన్నాయి.

నీ నిర్ణయం ఏమైంది? రాయలేదు. తొందరేం లేదు, బాగా ఆలోచించు. నీ మీద నాకు నమ్మకముంది.

నీ వాడు

---

ఆగస్టు 16

మేష్టారికి,

నేను ఏదీ కనుక్కోలేదు. మీరు తప్పన్నారు కాబట్టి, మీ పిల్లలు ఇరవై ఒకటి అన్నారని మీరే రాశారు కాబట్టి, అది చూసి రాశాను. ఐదో తరగతిలో పక్కదాని పలకలోంచి చూసి రాసినట్టు. దానికి చప్పట్లు కొట్టించారు.

ఇప్పుడు నేను కొట్టేసిన మాటలు చెబుతాను. మా డాబా మీద స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్కో తీగ. ఒక తీగ మీద పది దుప్పట్లు పడతాయి. పదకొండోది పట్టదు. నేను రెండేళ్ళ నుంచి ఆరేస్తున్నాను, ఒక్కనాడూ పట్టలేదు. ఇరవై దుప్పట్లంటే రెండు తీగలు. ఈ తీగ చివరి దుప్పటీ ఆ తీగ మొదటి దుప్పటీ క్లిప్పు ఎలా పంచుకుంటాయి, మధ్యలో నడవడానికి దారుంటే? అందుకే పదకొండూ పదకొండూ ఇరవై రెండు. రెండింతలు చెయ్యలేదు నేను. డాబా కళ్ళముందు పెట్టుకుని ఒక్కొక్కటీ ఆరేసుకుంటూ చెప్పాను. లెక్క నా పనిలోంచే తీసుకున్నానని మీరే అన్నారు కదా.

కండక్టరు గారి అబ్బాయిని ఎందుకు అన్నావని అడుగుతారు. పొడుగాడిని అడుగుతారు. నన్ను మాత్రం ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంకోసారి ఆలోచించు అన్నారు.

పిల్లలకు చెప్పకపోతే నేర్చుకుంటారేమో, నాకు తెలియదు. పెళ్ళానికి చెప్పకపోతే పెళ్ళాం తనకు తోచింది అనుకుంటుంది. నేను రావడం మీకిష్టమా అని మూడు ఉత్తరాల్లో అడిగాను. మూడుసార్లూ ప్రశ్నే వచ్చింది. మా చిన్నప్పుడు ఒక టీచరు ఉండేది, తనకు ఇష్టంలేనిది ఏదైనా అడిగితే "నువ్వే చెప్పు" అనేది. మనకు అర్థమై ఊరుకోవాలని.

నాకు అర్థమైంది. ఈ పొద్దున సూపర్‌వైజరమ్మ దగ్గర సంతకం పెట్టేశాను. ఏడాది. ఆవిడ "మీ ఆయన సరే అన్నాడా?" అంది. "నాకే వదిలేశారు" అన్నాను. "అదృష్టవంతురాలివి" అంది.

ఈ ఉత్తరం చింపకుండా పోస్టు చేస్తున్నాను. చింపితే మళ్ళీ రాయలేను.

డాబా మనిషి

---

ఆగస్టు 16

మూగనోమూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాకముందే ఇంకోటి రాస్తున్నాను. నిలబడి రాస్తున్నాను, కూర్చోబుద్ధి కావడం లేదు.

ఇవాళ క్లాసు అయిపోయి అందరూ సంచులు సర్దుకుంటున్నారు. గొణుగుడు కదలలేదు. ఏంటమ్మా అన్నాను. వంగి చెవి దగ్గర పెడితే కానీ వినపడదు.

"మీ ఆవిడ తీగ ఎంత పొడుగుంటుందండీ?"

"ఎందుకు?"

"రెండు తీగలైతే ఇరవై రెండే కదండీ."

నేను సుద్దముక్క తీసుకుని ఆ మాటా, పక్కనే పాత 'ఎన్నో ప్లస్ ఒకటి' కూడా బోర్డు మీద రాశాను. మిగతావాళ్ళు సంచులు కింద పెట్టేశారు. మూడు తీగలైతే? తీగకు పదేసి అనుకుని, ముప్పై ఐదు దుప్పట్లుంటే? నాలుగో తీగ సగమే నిండుతుందిగా, అయినా దాని చివర క్లిప్పు దానిదే, ముప్పై తొమ్మిది! పొడుగాడు బోర్డు దగ్గరకు పరిగెత్తి 'ఎన్నో' పక్కన ఒకటి తుడిచేసి 'తీగలు' అని రాశాడు. ఎన్నో ప్లస్ తీగలు. కళ్ళజోడు పిల్ల నా వైపు తిరిగి, కోర్టులో అడిగినట్టు, "సార్, మీరు మీ ఆవిణ్ణి అడిగారా, ఎందుకని?" అంది.

అడగలేదని చెప్పాను. ముప్పై నలుగురూ నన్ను అదోలా చూశారు.

నీ తీగ ఎంత పొడుగు? ఇది ప్రశ్న కోసం ప్రశ్న కాదు. నిజంగా నాకు తెలియదు.

నీ వాడు

---

ఆగస్టు 22

నీకు,

నీ ఉత్తరమూ నాదీ దారిలో ఎక్కడో ఎదురుపడి, పలకరించుకోకుండా వెళ్ళిపోయి ఉంటాయి. నీది చదివి బయటకెళ్ళి, బడి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి మళ్ళీ చదివాను.

నువ్వన్నదాంట్లో ఒక్కటి మాత్రం తప్పు. నాకు ఇష్టం లేక కాదు. నువ్వు వస్తే బాగుంటుంది. మెట్ల మీద అన్నది నిజంగానే అన్నాను, ఆటోవాడు హారను కొట్టకపోతే ఇంకా చెప్పేవాణ్ణి. ఆ రెండు గదుల్ని ఇప్పటికే నాలుగుసార్లు చూసొచ్చాను. వంటగది కిటికీకి గడియ లేదు. పెరట్లో ఒక తీగ ఉంది, దాని మీద ఆరు దుప్పట్లు కూడా పట్టవు.

మరి ఎందుకు రాయలేదు? ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. రమ్మని, నువ్వు ఆ పని వదులుకుని వచ్చాక నన్ను పొమ్మంటే? ఆ మాట నా నోటితో రాకూడదని, నువ్వే వస్తానంటే తప్పు నాది కాదని లోపల ఎక్కడో అనుకున్నాను. పిల్లల్ని అడిగింది పద్ధతి. నిన్ను అడిగింది పిరికితనం. రెండింటికీ ఒకే చొక్కా తొడిగి నాకు నేనే మురిసిపోయాను.

సంతకం పెట్టడం మంచిదే అయింది. ఇది నీ మనసు నొప్పించకూడదని అంటున్నది కాదు. నిజంగా అంటున్నాను. కానీ ఆ కారణంతో పెట్టావే, అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

తిట్టు, కానీ ఉత్తరం మానకు.

నీ వాడు

---

సెప్టెంబరు 5

ఏవండీ,

వానలకు టపా ఆగిపోయి, మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. తారీఖు చూడకుండా రెండోది ముందు విప్పాను. అది చదివాక మొదటిది చదివితే కోపం తెచ్చుకోవాలో మానుకోవాలో తెలియలేదు. అత్తయ్య "ఈసారీ లెక్కలేనా?" అన్నారు. "కాదత్తయ్యా, జవాబు" అన్నాను. ఆవిడ ఆ పూట కంచంలో ఎప్పటికంటే ఎక్కువ వడ్డించారు.

ఆ గొణుగుడు పిల్లకు చెప్పండి, పది పడతాయని. పదకొండోది పెడితే తీగ జారి దుప్పటి అంచు నేల తాకుతుందనీ, మళ్ళీ ఉతకాలనీ కూడా చెప్పండి. ఆ పిల్ల అడిగింది కాబట్టి అంతా చెప్పాలి.

ఇక్కడ పని మీరనుకున్నట్టు లేదు. ఆరుగురిలో ఇద్దరు నాకంటే పెద్దవాళ్ళు. ఒకామె మీసాలున్న ఆమె, మేము మీసాలక్కా అనే పిలుస్తాం, ఆమెకేం కోపం లేదు. మొదటి రోజు, "ఏం పెద్దమ్మా, ఏం చెయ్యమంటావు? కొంచెం గట్టిగా చెప్పు, ఈగ వాలినట్టు చెబితే ఎలా?" అంది. అందరూ నవ్వారు. నాకు చెవులు మండాయి. మీ పద్ధతి గుర్తొచ్చింది. "పిల్లల వార్డు గుడ్డలు ముందు ఆరాలి. ఏ తీగ మీద వేస్తే త్వరగా ఆరతాయి?" అని అడిగాను. ఒకరు నీళ్ళ ట్యాంకు పక్కది అన్నారు, ఒకరు కాదు అక్కడ నీడ అన్నారు. మీసాలక్క తర్వాత మెల్లగా, మధ్యాహ్నం దాకా తూర్పు తీగ, ఆ తర్వాత ట్యాంకు తీగ, మధ్యలో మార్చాలి అంది. పన్నెండేళ్ళ నుంచి ఆమెకు తెలుసట. ఎవరూ అడగలేదట.

అంతవరకూ బాగుంది. మొన్న నల్లమబ్బు ఒక్కసారిగా కమ్మింది. డాబా నిండా దుప్పట్లు. అప్పుడు మీ పద్ధతి పట్టుకుని ఏమనిపిస్తోంది అని అడిగితే ఆసుపత్రి మొత్తం తడి దుప్పట్ల మీద పడుకోవాలి. అరిచాను. "మీరిద్దరూ తూర్పు! అక్కా, ట్యాంకు! క్లిప్పులు వదిలెయ్యండి, లాగెయ్యండి!" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. కింద వార్డులోంచి నర్సు పైకి చూసిందట. మీరూ మబ్బు పట్టినప్పుడు చెప్పెయ్యాలేమో. నాకు తెలియదు, చదువుకున్నవాళ్ళు మీరు. తోచింది రాశాను.

నేను మీరు రమ్మంటే వచ్చేదాన్ని. జూలైలో అయితే అదే రోజు వచ్చేదాన్ని. ఇప్పుడు ఏడాది వరకూ రాలేను. రాలేకపోవడం బాధగా ఉంది, పని బాగుంది. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో మరి, ఉన్నాయి.

పరీక్ష సంగతి రాయండి. రోజూ పోస్టతని సైకిలు చప్పుడుకు లేస్తున్నాను.

మీ నేను

---

అక్టోబరు 6

నీకు,

మార్కులు వచ్చాయి. మా సెక్షనులో పదిహేడు మంది పాసయ్యారు. పక్క సెక్షనులో ఇరవై నలుగురు. హెడ్మాస్టరు మంచివాడే. కుర్చీ చూపించి, నీళ్ళిచ్చి మరీ చెప్పాడు. శుక్రవారం నాకు చివరి రోజు.

పేపరు నేను చూశాను. సూత్రం రాయుము, సూత్రం రాయుము, సూత్రం ఉపయోగించి చేయుము. కారణం చెప్పుము అని ఒక్కచోట ఉంది, దానికి మా వాళ్ళు పేజీలకు పేజీలు రాశారు, మార్కులు రెండే. ఇది సాకు అని నాకే తెలుసు. ఇంకోటి ఉంది, అది సాకు కాదు. ఎక్స్ అన్నచోట తొమ్మిది మంది 'ఎన్నో' అని రాశారు. దిద్దినాయన సున్నా చుట్టాడు. లోపల లెక్క మొత్తం సరిగ్గా ఉంది. ఆ తొమ్మిదిలో గొణుగుడు ఒకతి. నువ్వు మబ్బు అన్నావు. అప్పుడైనా 'బయటివాళ్ళు దీన్ని ఎక్స్ అంటారు, పరీక్షలో అలా రాయండి' అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. వాళ్ళ మాట అంత బాగుంటే మార్చబుద్ధి కాలేదు. నా మురిపెం వాళ్ళ మార్కులు తినేసింది.

కాగితాలు ఇచ్చాక గొణుగుడు సున్నా మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. అప్పటి నుంచి క్లాసులో మళ్ళీ నోరు విప్పలేదు. మూడు రోజులైంది.

శనివారం బయలుదేరతాను. వేరే బడి చూసుకోవాలి, దొరుకుతుందో లేదో. నువ్వు పనికెళ్తుంటే నేను ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాను. అమ్మ ఏమీ అనదు, అదే భయం. చివరికి నేను మళ్ళీ అడుగుతున్నాను చూడు. కానీ ఇది నాకు నిజంగా తెలియక అడుగుతున్నది.

ఇలా ఇంటికి వస్తే నువ్వేమంటావు?

నీ వాడు

---

అక్టోబరు 9

ఏవండీ,

రండి.

ఇది త్వరగా చేరాలని ఆసుపత్రి మందుల బండి డ్రైవరుకు ఇచ్చి పంపుతున్నాను, అతను మీ ఊరి మీదుగానే వెళ్తాడట. అతనితో నేనే మాట్లాడాను.

వచ్చేముందు ఒక పని చెయ్యండి. ఇది అడగడం కాదు, చెప్పడం. శుక్రవారం క్లాసులో ఆ తొమ్మిది మందినీ నిలబెట్టి, 'ఎన్నో' తప్పు కాదనీ, పేరు మార్చి రాయమని చెప్పకపోవడం మీ తప్పనీ అందరి ముందూ చెప్పండి. తొమ్మిది లెక్కలూ బోర్డు మీద వేసి, 'ఎన్నో' తుడిచి ఎక్స్ పెట్టి చూపించండి, మిగతాదంతా అలాగే ఉంటుందని. హెడ్మాస్టరు గారిని కూడా పిలవండి. ఆయన రాకపోతే పోనివ్వండి. ఆ పిల్ల మాట్లాడకపోయినా ఫరవాలేదు, మాట్లాడమని అడక్కండి. అలాంటివాళ్ళకు ముందు విన్నది లోపల కుదురుకోవాలి. నాకు తెలుసు.

మీకు ఇక్కడ బడి దొరుకుతుందో లేదో నాకు తెలియదు. దొరుకుతుందని ఊరికే అనను. ఇంట్లో తిరిగితే తిరగండి. అత్తయ్య మీ గది దులిపి, మంచం కిటికీ దగ్గరకు లాగించారు. "వస్తే రానీ, వీడి లెక్కలు ఇక నోటితోనే వింటాం" అన్నారు.

శనివారం నాకు పొద్దుటి డ్యూటీ. మీరు దిగేసరికి ఇంట్లో ఉండను. పెట్టె ఇంట్లో పెట్టి, తినేసి, ఆసుపత్రికి రండి. వెనక గేటు దగ్గర కాపలా ఆయన ఉంటాడు, కొత్తవాళ్ళను లోపలికి వదలడు. డాబా పెద్ద మా ఆవిడే అని చెప్పండి. వదులుతాడు.

మీ నేను